మూడో సిలిండరుతో చిత్తూరు దాకా

తిరుపతి వెళ్లొచ్చానంటే మా కడియం వైపు ఎవరైనా ముందు లడ్డూ అడుగుతారు. ఈసారి నేను ఎవరికీ లడ్డూ తేలేదు. నేను వెళ్లింది పలమనేరులో ఒక రైతుకు పనస, నేరేడు అంటుమొక్కలు దింపడానికి. మధ్యలో ఇంజను మొరాయించింది. అందువల్ల అనుకోకుండా చిత్తూరులో ఉండిపోయాను, తిరుపతి కొండా ఎక్కాను. మా నర్సరీల్లోంచి మొక్కలు అంత దూరం వెళ్తూనే ఉంటాయి కానీ, వాటితో వెళ్లేది ఎప్పుడూ మగవాళ్లే. వాళ్లు తిరిగొచ్చి డీజిలు రేటు తప్ప ఇంకేమీ చెప్పరు. అందుకని నేను చెబుతున్నాను.

మాది పెట్రోలుతో నడిచే చిన్న ట్రక్కు. మా ఆయనా, మా బావగారూ పోయాక, నేనూ మా తోటికోడలు మంగమ్మక్కా కలిసి కొన్నాం. నడిపేది నేను. ఆమె పక్కన కూర్చుని దారి అడిగేది, టోలుగేట్ల దగ్గర మాట్లాడేది, నాకు కునుకు పడితే తొడ మీద గిల్లేది. వెనకాల మొక్కలకు ఎప్పుడు నీళ్లు చల్లాలో ఆమెకే తెలుసు. కిందటేడు ఆమె కూతురికి పాప పుట్టింది. కూతురు శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. పాపను చూసుకోవడానికి మంగమ్మక్క అక్కడికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి నేను రాజమండ్రి, తణుకు దాటి బండి తీయలేదు. ఒంటరిగా ఇంత దూరం ఇదే మొదటిసారి.

నాయుడుపేట

నెల్లూరు దాటాక బండి వణకడం మొదలుపెట్టింది. సిగ్నలు దగ్గర ఆగితే స్టీరింగు పట్టుకున్న చేతులు కూడా అదిరేవి. ఫ్లైఓవరు ఎక్కాలంటే రెండో గేరుకు దిగాల్సి వచ్చేది. నాయుడుపేట దగ్గర రోడ్డు పక్కన ఒక షెడ్డులో చూపిస్తే, అక్కడి మెకానిక్ బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు చెవి పెట్టి విని, "ప్లగ్గులు పోయాయమ్మా" అన్నాడు. నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేశాడు. బండి వెంటనే సర్దుకుంది. పాతవి ఎలా ఉన్నాయో నేను చూడలేదు, అతనూ చూపించలేదు.

పక్కనే ఉన్న హోటల్లో భోజనానికి వెళ్లాను. ఆకులు వేసే మనిషి "ఎంతమందమ్మా?" అన్నాడు.

"ఒక్కదాన్నే."

అతను నా వెనక్కి చూశాడు. తలుపు దాకా చూశాడు. బండి తాళం నా చేతిలో ఉండటం చూసి, అప్పుడు ఒక ఆకు వేశాడు. చేపల పులుసు బాగుంది. మేం వేసేంత బెల్లం ఇక్కడ వెయ్యరు, చింతపండు మాత్రం రెండింతలు. ఆ మాట పక్కకు తిరిగి చెప్పబోయాను. పక్కన గోడ ఉంది.

శ్రీ సిటీ దగ్గర

మంగమ్మక్క వాళ్లు ఉండేది వరదయ్యపాళెం దారిలో, వరసగా కట్టిన అద్దె గదుల్లో. పొద్దున్నే వెళ్లాను. ఫ్యాక్టరీ బస్సుల కోసం అమ్మాయిలు గుంపులుగా నిలబడి ఉన్నారు, మెడల్లో కార్డులు వేసుకుని, చేతుల్లో టిఫిను డబ్బాలతో. అంతమంది ఆడపిల్లలు ఒక్కసారిగా పనికి వెళ్లడం మా వైపు నాట్ల రోజుల్లో తప్ప చూడం.

మంగమ్మక్క పాపను భుజాన వేసుకుని రోడ్డు మీదికి వచ్చింది. చిక్కింది. నన్ను చూడగానే నవ్వి, వెంటనే బండి వెనక్కి వెళ్లింది.

"ఏంటే సత్యా, పొగ నీలంగా వత్తంది?"

"ప్లగ్గులు మార్పించానక్కా. నిన్నంతా బానే నడిచింది."

"నిన్నటి సంగతి కాదే. ఇప్పుడు చూడు."

చూశాను. గొట్టంలోంచి పల్చగా నీలి పొగ. పాప ఏడుపు అందుకుంది. మంగమ్మక్క దాన్ని ఊపుతూ, పళ్లు వస్తున్నాయనీ, రాత్రంతా నిద్ర లేదనీ, ఇక్కడి నీళ్లు ఉప్పనీ చెప్పింది. నేను ఉల్లిపాయలూ పచ్చడి సీసా ఇచ్చాను. ఆమె కూతురు బస్సెక్కుతూ "పిన్నీ, టీ తాగి వెళ్లు" అని అరిచింది. టీ పెట్టడానికి మంగమ్మక్కకు చెయ్యి ఖాళీ లేదు. నేనే పెట్టి ఇద్దరం నిలబడి తాగాం. ఆమె లేకుండా బండిలో కూర్చోవడం ఎలా ఉందో చెబుదామనే వెళ్లాను. పాప నిద్రపోయేలా ఉందని సైగ చేస్తే, నోరు మూసుకుని బయటికి వచ్చేశాను.

చిత్తూరు

తిరుపతి ఊరి బయటి నుంచే దాటేశాను. కుడిపక్కన కొండ అలా చాలాసేపు వెంట వచ్చింది. చంద్రగిరి దాటాక ప్రతి ఎత్తు దగ్గరా ఇంజను గొంతు పట్టుకున్నట్టు దగ్గేది. లారీలు హారను కొడుతూ పక్కనుంచి పోయేవి. డ్రైవర్లు తల తిప్పి, ఆడమనిషి అని చూసి, ఇంకోసారి హారను కొట్టేవారు. సంచుల్లో మొక్కలు ఎండకు వాడిపోతున్నాయి. రెండుసార్లు నేనే ఆపి, వెనక్కెక్కి, నీళ్లు చల్లాను.

చిత్తూరులో పెట్రోలు బంకులో పనిచేసే అమ్మాయి పొగ చూసి, "మునిరత్నం షెడ్డుకు పో మా. పెట్రోలు బండంటే ఆయనే సూడాల" అని దారి చెప్పింది.

షెడ్డు బెంగళూరు రోడ్డు మీద ఉంది. దాని వెనకే ఇల్లు. మునిరత్నం నా వయసువాడే, యాభైకి అటూ ఇటూ. లుంగీ పైకి కట్టుకుని బయటికి వచ్చాడు.

"యాడినుంచి వచ్చినారు మా?"

"రాజమండ్రి దగ్గరండి. కడియం."

"అంత దూరం ఈ బండినా? మీరే తోలుకోని వచ్చినారా?"

"నేనేనండి."

ఆశ్చర్యపోయాడు కానీ ఎగతాళి చేయలేదు. ఇంజను ఆపవద్దన్నాడు. ఒక్కొక్క ప్లగ్గు మీది తొడుగు లాగి, మళ్లీ పెట్టాడు. మొదటిది లాగితే ఇంజను తడబడింది. రెండోదీ అంతే. మూడోది లాగినప్పుడు ఏ మార్పూ లేదు. ఉన్నా లేకపోయినా ఒకటే శబ్దం.

"ఇది పని సెయ్యడం లేదు మా. తక్కిన మూడే బండిని లాగతా ఉండాయి."

ఇంజను కాస్త ఆరాక నాలుగు ప్లగ్గులూ విప్పి, పాత పేపరు మీద వరసగా పెట్టి నన్ను పిలిచాడు. మూడు ప్లగ్గుల మొనలు పొడిగా, పాలు తక్కువ కాఫీ రంగులో ఉన్నాయి. మూడో సిలిండరుది నల్లగా, జిడ్డుగా, వేలు పెడితే నూనె అంటుకునేలా ఉంది.

"ఇవి నిన్న కాక మొన్న వేసినవండి. నాయుడుపేటలో."

"వేసినాయన తప్పేం లేదు. కొత్త ప్లగ్గు రొంచేపు మండుతుంది. లోపల ఆయిలు పైకి వస్తా ఉంటే అది యెన్నాళ్లు మండుతుంది? ఆయిలు యాడినుంచి వస్తా ఉండాదో సూడాల."

లోపలినుంచి కంప్రెషన్ గేజీ తెచ్చాడు. ప్లగ్గు బిగించే రంధ్రంలో గొట్టం బిగించి, ఇంజను తిప్పితే, లోపల పిస్టను గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో ముల్లు చూపిస్తుంది. పెట్రోలు రాకుండా, నిప్పు రాకుండా తీగలు విప్పేశాడు. నన్ను సీట్లో కూర్చుని, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి, తను చెప్పినప్పుడల్లా తాళం తిప్పమన్నాడు.

బానెట్ ఎత్తి ఉండటంతో నాకు అతను కనపడలేదు. గొంతు మాత్రం వినిపిస్తోంది.

"తిప్పండి... సాలు. నూట అరవై ఐదు. బాగుండాది."

రెండోది నూట అరవై.

మూడోదానికి గేజీ బిగిస్తున్నంతసేపూ నేను కోరుకున్నది ఏమిటో చెబుతాను. ఇంజను పూర్తిగా పోయిందని అతను చెప్పాలనుకున్నాను. ఇక బాగుచేయడం దండగమ్మా, అమ్మేయండి అంటే, అమ్మేసి ఇంటికి వెళ్లి, నర్సరీలో సంచులకు మట్టి నింపుకుంటూ కూర్చోవచ్చు. బండి పోయిందని అందరికీ చెప్పొచ్చు. పక్క సీటు ఖాళీగా ఉంటే నడపలేకపోతున్నానని ఎవరికీ చెప్పక్కర్లేదు.

"తిప్పండి... ఇంకోసారి." గేజీ విప్పి మళ్లీ బిగించిన చప్పుడు. "ఎనబై ఐదు."

నాలుగోదీ బాగానే ఉంది. మళ్లీ మూడోదాని దగ్గరికి వచ్చి, చిన్న చెంచాతో ఆ రంధ్రంలో కాస్త ఇంజను ఆయిలు పోశాడు. మళ్లీ తిప్పమన్నాడు. ఈసారి ముల్లు నూట నలభై దాటింది. నన్ను దిగి వచ్చి చూడమన్నాడు.

"ఆయిలు పోస్తే ముల్లు పైకి వచ్చింది సూడండి. అంటే పిస్టను రింగులు అరిగినాయి. ఆయిలు ఆ సందు మూసింది కాబట్టి గాలి ఆగింది. వాల్వులు పోయుంటే ఆయిలు పోసినా ముల్లు లేచేది కాదు. ఇంజను విప్పి, సిలిండరు బోరు సరిచేసి, రింగులూ పిస్టన్లూ మారిస్తే సాలు. బండి ఇంకా శానా ఏండ్లు తిరగతాది."

"అంటే పోలేదంటారా?"

"యాడ పోయింది మా? నడిపేవాళ్లుండాల, అంతే."

సంతోషించాలి. ముఖం పక్కకు తిప్పుకుని మొక్కల దగ్గరికి వెళ్లి నీళ్లు చల్లాను. కళ్లు తుడుచుకుంటే అతని భార్య చూసింది. ఆమె పేరు కస్తూరి. "సంగటి తిందురు రాండి" అంది.

కస్తూరి వంటగది

రాగి సంగటి నేను అంతకుముందు రుచి చూడలేదు. ముద్దను నమలబోతే కస్తూరి నవ్వింది. "నమలకూడదు మా, పులుసులో ముంచి మింగాల." అనపగింజల తోలు పిసికి తీసి చేసిన పితికిపప్పు కూర, ఊరిబిండి అనే రోటి పచ్చడి వేసింది. ఆమె నన్ను "ఎర్రగడ్డ కోసిస్తావా?" అని అడిగితే నేను బీట్‌రూట్ కోసం వెతికాను. ఉల్లిపాయట. బంగాళాదుంప ఉర్లగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ. మా చిలగడదుంప అక్కడ గెనుసుగడ్డ. ఆమె తమ్ముడు ఫోను చేస్తే సగం అరవంలో, సగం తెలుగులో మాట్లాడింది. ఎక్కడ మారిందో ఆమెకే తెలియదు.

చిక్కంతా మొక్కలతోనే. ఇంజను విప్పితే రోజులు పడతాయి, అంట్లు అన్నాళ్లు సంచుల్లో ఆగవు. పలమనేరు వెళ్లాలంటే మొగిలి కనుమ ఎక్కాలి. వేరే బండి మాట్లాడదామంటే, టమాటాల కాలం, ఒక్కటీ ఖాళీ లేదు.

మునిరత్నం ఆలోచించి, సగం మొక్కలు షెడ్డులో దించేయమన్నాడు. మూడో ప్లగ్గు తుడిచి బిగించాడు. "సగం బరువుతో, మొదటి గేరులో పోతే ఎక్కతాది. మద్యలో ఆగిపోతే మాత్రం చక్రం కింద చెక్క పెట్టేదానికి మనిషి కావాల. ఒక్కరే పోవద్దు."

"నేను పోతా" అంది కస్తూరి.

"నువ్వా?"

"చెక్క పెట్టేదానికి కూడా చదువు కావాల్నా?"

మొగిలి కనుమ

తెల్లవారాక బయల్దేరాం. కస్తూరి చెక్కముక్కను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుంది. బంగారుపాళెం దాకా మాట్లాడుతూనే ఉంది. పెళ్లయినప్పట్నుంచీ షెడ్డు దాటి ఎక్కువగా ఎక్కడికీ వెళ్లలేదట. పగలంతా సుత్తి చప్పుడు, మెకానిక్కుల మాటలు, వాళ్లకు టీలు. "ఇంటి సుట్టూ మనుషులే. నాతో మాట్లాడేవాళ్లు మాత్రం లేరు" అంది. అని వెంటనే, దారిలో ఏదో చెట్టు చూపించి అదేం చెట్టని అడిగింది. కానుగ అని చెప్పాను.

కనుమ మొదలయ్యాక ఇద్దరం మాట్లాడటం మానేశాం. మొదటి గేరులో నడకకంటే కాస్త వేగంగా వెళ్తున్నాం. ఒక మలుపు దగ్గర ముందున్న లారీ హఠాత్తుగా నెమ్మదించింది. నేను బ్రేకు తొక్కాను. ఇంజను ఆగిపోయింది. బ్రేకు తొక్కిపట్టినా బండి నెమ్మదిగా వెనక్కి జారుతున్నట్టు అనిపించింది. వెనక ఒక బస్సు హారను మోగిస్తోంది.

నేను నోరు తెరిచేలోపే కస్తూరి దూకేసింది. అద్దంలో ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పరుగెత్తడం కనిపించింది. చెక్క చక్రం కిందికి తోసి, కాలితో రెండుసార్లు తన్ని, బస్సు వైపు తిరిగింది.

"ఏందప్పా, చెవులు పోయేట్టు కొడతా ఉండావు! కండ్లు కనపడలా? ఆగి పోరాదా!"

బస్సు డ్రైవరు హారను ఆపేశాడు. కండక్టరు దిగి వచ్చి, ఇంకో రాయి తెచ్చి రెండో చక్రం వెనక పెట్టాడు. ఇంజను చల్లారేదాకా రోడ్డు పక్కన గట్టు మీద కూర్చున్నాం. కస్తూరి చేతుల నిండా చక్రం మట్టి. ఆమె తన చేతులు చూసుకుని పకపకా నవ్వింది. చాలా నెలల తర్వాత నేను గట్టిగా నవ్వాను. తర్వాత రెండోసారి తాళం తిప్పగానే బండి అందుకుంది. కస్తూరి చెక్క లాక్కుని, కదులుతున్న బండిలోకి ఎక్కేసింది.

పలమనేరు

పైకి చేరాక గాలి మారింది. మా వైపు ఆ నెలలో అంత చల్లగా ఉండదు. రైతు పేరు రెడ్డెప్ప. పాడి ఆవులున్నాయి, టమాటా వేస్తాడు. సంచులు ఒక్కొక్కటీ దించుకుంటూ, ఆకులు వాడినవాటిని వేరే నీడకు చేర్చాడు. కోప్పడతాడనుకున్నాను.

"సగమే వచ్చినాయి కదా మా?"

సంగతి చెప్పాను. మిగతా సగం చిత్తూరులో షెడ్డులో ఉన్నాయన్నాను.

"దానికేముంది, రేపు నా ట్రాక్టరు పంపిస్తా. ఇంజను అట్ల పెట్టుకోని పైకి రావాల్నా? ఒక ఫోను చేసుంటే నేనే దిగి వచ్చుంటా కదా." ఇంకో సంచి దించుతూ, "మీకు చెప్పేవాళ్లెవరూ లేరా?" అన్నాడు.

మామూలుగానే అడిగాడు. కస్తూరి నా వైపు చూసి, "ఆమె ఎవరి మాటా వినదు లే అన్నా" అంది. అందుకు ఆమెకు ఎంత రుణపడ్డానో ఆమెకు తెలియదు.

రెడ్డెప్ప భార్య లోటా నిండా చిక్కటి మజ్జిగ ఇచ్చింది. కనుమ దిగేటప్పుడు కస్తూరి కిటికీ అద్దం పూర్తిగా దించి, తల బయట పెట్టి కూర్చుంది.

అలిపిరి

చిత్తూరు చేరాక మునిరత్నం ఇంజను విప్పాడు. బోరు పని లేతు మిషను దగ్గర ఆలస్యమవుతుందన్నాడు. షెడ్డులో కూర్చుంటే నేను అడ్డం. ఊరికే ఉండలేక తిరుపతి బస్సెక్కాను. పాకాల దాకా కిటికీ పక్కన కూర్చుని బయట చూశాను. బస్సులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

అలిపిరి దగ్గర చెప్పులు వదిలి మెట్లెక్కడం మొదలుపెట్టాను. మొక్కేమీ లేదు. నా చుట్టూ అందరూ కుటుంబాలే. ఒకామె ప్రతి మెట్టుకూ వంగి పసుపు కుంకుమ పెడుతుంటే, వెనక కూతురు కర్పూరం వెలిగిస్తోంది. ఒక కుర్రాడు ఫోను ఇచ్చి, వాళ్లందరినీ ఒక ఫోటో తీయమన్నాడు. తీశాను. ఇంకో కుటుంబం కూడా అడిగింది. మూడోవాళ్లు కూడా. ఒంటరిగా ఉన్నదాన్ని నేనే కాబట్టి, ఫోను నాకే ఇస్తున్నారని తర్వాత తెలిసింది.

గాలిగోపురానికి ఇంకా దూరం ఉండగా ఆయాసపడి కూర్చుంటే, మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒకావిడ పక్కన కూర్చుంది.

"మీవాళ్లు ముందు పోయినారా?"

"ఆ" అన్నాను.

అదే పొరపాటైంది. కాసేపటికి ఆమె తన కొడుకును పిలిచి, "ఈమె వాళ్లు ముందు పోతా ఉండారంట, ఆగమని చెప్పు పో" అంది. అతను "ఎట్ల ఉంటారు? ఏం చొక్కా?" అని అడుగుతున్నాడు. పైనున్న వాళ్లలో ఎవరో "వీళ్లేనా?" అని అరిచారు. ఎవరో ముసలాయన ఆగి వెనక్కి చూశాడు. ఇక తప్పదని లేచి చెప్పాను.

"ఎవరూ లేరండి. నేనొక్కదాన్నే వచ్చాను."

ఆవిడ కొడుకును వెనక్కి పిలిచింది. "అట్లనే చెప్పుండొచ్చు కదా మా. దాంట్లో ఏముంది?" సంచిలోంచి పులిహోర పొట్లం తీసి ఇచ్చింది. "మాతో రాండి."

కొండపైదాకా వాళ్లతోనే నడిచాను. ఆవిడ మోకాళ్ల నొప్పుల గురించి, నేను పనస అంట్ల గురించి మాట్లాడుకున్నాం. పైన జనంలో వరసలు వేరైపోయాయి. దర్శనం అయ్యాక బయట చాలాసేపు నిలబడి వెతికాను. ఆవిడ పేరు అడగలేదు. ఏమని పిలవను? కాసేపు చూసి, దిగే బస్సెక్కాను.

తిరుగుదారి

ఇంజను బిగించాక మునిరత్నం మళ్లీ గేజీ పెట్టాడు. ఈసారి తాళం తిప్పడానికి కస్తూరిని కూర్చోబెట్టి, నేను ముల్లు దగ్గర నిలబడ్డాను. నాలుగూ ఇంచుమించు ఒక్కచోటే ఆగాయి. మూడోది చూసినప్పుడు లోపల ఏదో కుదుటపడింది. అమ్మేయాలన్న మాట ఆ తర్వాత నాకు రాలేదు. ఎందుకో నేను చెప్పలేను. కనుమ మీద నవ్వినందుకు కావచ్చు, మెట్ల మీద నిజం చెప్పినందుకు కావచ్చు.

"కొత్త రింగులు మా. వెయ్యి కిలోమీటర్లు పోయేదాకా యాబై దాటించొద్దు. నిదానంగా పోండి" అన్నాడు మునిరత్నం. కస్తూరి గెనుసుగడ్డలు ఉడకబెట్టి మూటకట్టి ఇచ్చింది. మళ్లీ రమ్మనలేదు. బండి కదిలేటప్పుడు తలుపు మీద చెయ్యి వేసి నాలుగడుగులు నడిచింది.

ఆ రోజు మంగమ్మక్క కూతురికి సెలవు. ఫోను చేస్తే మంగమ్మక్క ఎగిరి గంతేసింది. "పాప దాని దగ్గరుంటాది. నాయుడుపేట దాకా నీతో వత్తాను. అక్కడ బస్సెక్కేత్తాను."

తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని రోడ్డు మీద నిలబడి ఉంది. ఎక్కి, సీటు వెనక్కి జరుపుకుని, కాళ్లు చాపుకుంది. "ఊఁ, చెప్పు" అంది.

ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలా అని ఆలోచించాను. ప్లగ్గుల దగ్గర్నుంచా, కస్తూరి దగ్గర్నుంచా? గేరు మార్చి, రోడ్డెక్కి, "అక్కా, నేను ఒక మాట అనుకున్నాను" అన్నాను. జవాబు రాలేదు. తల కిటికీకి ఆనించి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. పాప లేని నిద్ర ఎన్ని నెలలకు దొరికిందో. హారను కూడా కొట్టకుండా నడిపాను. సూళ్లూరుపేట, దాని తర్వాతి ఊళ్లూ అలాగే దాటిపోయాయి. అందరూ మమ్మల్ని దాటుకుని పోతున్నారు.

నాయుడుపేటలో ఆపితే ఉలిక్కిపడి లేచింది.

"అయ్యో, వచ్చేశామా? లేపలేదేంటే?"

"పడుకున్నావు కదక్కా."

"ఇంజను ఎంత హాయిగా పోతంది! ఇన్నాళ్లకు కన్ను మూతపడింది." దిగి, చీర సర్దుకుంది. "ఏదో చెప్పబోయావు?"

అంతలో తడ వైపు వెళ్లే బస్సు వచ్చేసింది. "బండి బాగైందక్కా, అదే" అన్నాను. నా చెయ్యి గట్టిగా నొక్కి, రోడ్డు దాటి బస్సెక్కింది. అవతలి వైపు సీటు దొరికినట్టుంది, నాకు కనపడలేదు. అయినా బస్సు వెళ్లిపోయేదాకా చెయ్యి ఊపాను. తర్వాత పక్క సీటు ముందుకు జరిపి, యాభై దాటకుండా, రోడ్డుకు ఎడమ పక్కనే నెల్లూరు వైపు బయల్దేరాను.